ఒక గొయ్యి, రెండు పేర్లు

మా సమాధుల తోట నిండిపోయింది. ఇకమీదట కొత్త జాగా ఇచ్చేది లేదు, ఎవరింటి సమాధిని వాళ్లు మళ్లీ తెరిపించుకుని అందులోనే దించుకోవాలి అని చర్చి కమిటీ తీర్మానం పెట్టబోతోంది. మా నాన్న స్టీల్ ప్లాంటులో గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. తీర్మానానికి అడ్డం పడతానని మీటింగుకి ముందే అందరికీ చెప్పేశారు. మా బాబాయి కూతురు కాలేజీలో చరిత్ర పాఠం చెబుతుంది. తను తీర్మానం పక్షం. గాజువాకలో మా డాబా మీద ఇద్దరికీ జరిగిన వాదన ఇది. నాన్న మాటల్లోంచి తిట్లు తీసేశాను. చెల్లి మాటల్లోంచి తేదీలు కూడా తీసేద్దామనుకున్నాను గానీ తను ఊరుకోలేదు.

నాన్న: ఒక్కటే అడుగుతానమ్మా. చిన్నప్పుడు ఒక్క గదిలో ఆరుగురం పడుకున్నాం. క్వార్టరు దొరికేసరికి నాకు సగం వయసు అయిపోయింది. పోయాకైనా ఆరడుగులు నాకంటూ ఉండొద్దా? ఒకడి మీద ఒకణ్ణి దించడం దిక్కులేని శవాలకి చేసే పని.

చెల్లి: దిక్కులేని వాళ్లకా? బైబిల్లో మనకి మొదట కనిపించే సమాధి ఏది పెదనాన్నా? మక్పేలా గుహ. శారా పోతే అబ్రాహాము ఎఫ్రోనుకి 400 తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. తర్వాత అదే గుహలో అబ్రాహాముని పెట్టారు. ఇస్సాకు, రిబ్కా, లేయా కూడా అక్కడే. యాకోబు ఐగుప్తులో పోతే అంత దూరం నుంచి మోసుకొచ్చి మరీ అక్కడే పెట్టారు. లెక్కేసుకోండి, మీ గదిలాగే ఆరుగురు.

నాన్న: గుహ వేరు, గొయ్యి వేరు. గుహలో పక్కపక్కన పెట్టొచ్చు.

చెల్లి: సరే, ప్రభువుని పెట్టింది ఎవరి సమాధిలో? అరిమతయియ యోసేపు తనకోసం రాతిలో తొలిపించుకున్నదాంట్లో. వేరేవాళ్ల సమాధే కదా.

నాన్న: అక్కడే దొరికావు. అంతకుముందు ఎవరినీ ఉంచని కొత్త సమాధి అని లూకా రాశాడు, యోహానూ రాశాడు. పని గట్టుకుని ఇద్దరూ ఎందుకు రాశారంటావు? కొత్తదైతేనే మర్యాద కాబట్టి.

(నాన్న ఆదివారం ప్రసంగం వినేటప్పుడు నిద్రపోతారని మా అమ్మ నమ్మకం. ఆ నమ్మకం ఆ పూట పోయింది.)

చెల్లి: అది నిజమే, ఒప్పుకుంటాను. అలాంటిది అరుదు కాబట్టే రాశారు అని కూడా అనొచ్చు. ఆ కాలంలో యెరూషలేములో కలిగినవాళ్ల పద్ధతి ఏమిటంటే, శవాన్ని రాతి అరలో పడుకోబెట్టేవారు. ఏడాది గడిచాక ఎముకలు ఏరి చిన్న రాతి పెట్టెలో సర్దేవారు. ఆ అర మళ్లీ ఇంట్లో ఇంకొకరికి. ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గురివి కలిపి పెట్టినవీ దొరికాయి. పెట్టె పక్కన మేకుతో గీకినట్టు పేర్లు ఉంటాయి. కేరళలో మన సిరియన్ క్రైస్తవుల పాత చర్చిల్లో ఇప్పటికీ అస్థికుళి అని ఎముకల బావి ఉంటుంది. సమాధి తెరిచినప్పుడు తీసినవి అందులో వేస్తారు. వాళ్లెవరూ దిక్కులేనివాళ్లు కారు.

నాన్న: నువ్వు పుస్తకంలో చూశావు. నేను కళ్లతో చూశాను. మన వీధి చివరి వాళ్ల ముసలాయన సమాధి తెరిచినప్పుడు పక్కనే ఉన్నాను. ఆయన్ని దించింది వాళ్లావిడ సమాధిలోనే. గునపం వేస్తే ముందు ఎర్రమట్టి, ఆ తర్వాత టీపొడిలాంటి చెక్కపొడి వచ్చింది. పెట్టెకి కొట్టిన ఇత్తడి పిడి ఒకటి పచ్చగా చిలుం పట్టి దొరికింది. ఆ తర్వాత చీర. నైలాన్ చీర తల్లీ, రంగు కూడా పోలేదు. మనిషి లేదు, చీర ఉంది. ఆ కొడుకు చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అది నా కొడుక్కి వద్దు.

(ఇది నాకు ఎప్పుడూ చెప్పలేదు.)

చెల్లి: ...ఎముకలు ఏం చేశారు?

నాన్న: తోట కాపరి తెల్లగుడ్డలో మూటకట్టి కాళ్లవైపు చిన్న గుంట చేసి పెట్టాడు. దాని మీద మట్టి, దాని మీద కొత్త పెట్టె. ఫాదర్‌గారు ప్రార్థన చేశారు. తప్పుగా ఏమీ చెయ్యలేదు, కాదనను.

చెల్లి: ఆ కొడుకు బాధపడింది తెరిచినందుకు. తెరిచేటప్పుడు ఇంటివాళ్లు అక్కడే నిలబడాలన్న రూలేమీ లేదు. ముందురోజే కాపరి, ఒక కమిటీ పెద్ద ఆ పని చూసుకోవచ్చు. ముందుచూపున్నవాళ్లు మొదటి పెట్టెనే లోతుగా దింపి, మధ్యలో రాతి పలక పరుస్తారు. అప్పుడు కింద ఉన్న మనిషిని ఎవరూ ముట్టుకోరు. చెన్నైలో మద్రాస్ సిమెట్రీస్ బోర్డు కింద ఉన్న కిల్పాక్ తోటలో కొత్త జాగా లేక ఎన్నో ఏళ్లుగా కుటుంబ సమాధులే తెరుస్తున్నారు. అక్కడి తెలుగు క్రైస్తవులూ అలాగే చేసుకుంటున్నారు.

నాన్న: మన కమిటీలో ఒకాయన అంటాడు, మొదటి శవం మీద సున్నం పోస్తే అయిదేళ్లలో కరిగిపోతుంది, తెరిచేవాళ్లకి ఇబ్బందుండదు అని.

చెల్లి: ఆయనకి సున్నం సంగతి తెలీదు.

నాన్న: నాకు తెలుసు! కాల్చిన సున్నం ముందు నీళ్లు తాగుతుంది. ప్లాంటులో కిల్న్ నుంచి వచ్చిన సున్నానికి చెమ్మ తగలకుండా చూసుకోవడమే పెద్ద పని.

చెల్లి: అదే జరుగుతుంది. శరీరంలోని తడిని అది లాగేస్తుంది. కుళ్లించే క్రిములకి కావలసింది ఆ తడే. అందుకని సున్నం పోస్తే శరీరం త్వరగా కరగదు, పైగా ఆలస్యమవుతుంది. వాసన తగ్గుతుంది అంతే. సినిమాల్లో నేరాన్ని దాచడానికి సున్నం పోస్తారు చూడండి, ఆ పని సాక్ష్యాన్ని భద్రం చెయ్యడమే. అసలు ఇన్నేళ్లు అని గీత గీయడమే తప్పు. నీళ్లింకే గరపనేలలో ఒకలా ఉంటుంది, చెమ్మ నిలిచే బంకమట్టిలో ఇంకోలా. గాలి ఆడక, నీళ్లు నిలిచే చోట కొవ్వు మైనంలా గట్టిపడి శరీరం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. మన తోటలో కిందవైపు వరసల్లో వానాకాలం నీళ్లు నిలుస్తాయి. అక్కడొక రూలు, మెరకలో ఒక రూలు ఉండాలి.

నాన్న: ఇదిగో, ఇలాంటి మాట ఒక్కటి కమిటీలో ఎవడూ అనలేదు. సరేగానీ నా అసలు గొడవ అది కాదు. ఈ పంచుకోవడమనేది ఎప్పుడూ పేదోడి వంతుకే వస్తుందేంటి? భీమిలి వెళ్లు. హాలండర్స్ గ్రీన్‌లో డచ్చివాళ్ల సమాధులు చూడు. ఒక్కొక్కడికి ఒక్కో పిరమిడ్డు, ఒక్కో స్తంభం. మూడొందల ఏళ్లయినా నిలబడున్నాయి. ఆ ఇటుక కాల్చినోడు, ఆ సున్నం దంచినోడు, వాళ్ల సమాధులు చూపించు చూద్దాం.

చెల్లి: చూపించలేను.

నాన్న: మన హార్బరు సంగతి చెప్పు. 1933 అక్టోబర్‌లో మొదటి ఓడ జలదుర్గ లోపలికొచ్చింది, డిసెంబర్‌లో వైస్రాయి విల్లింగ్‌డన్ వచ్చి ప్రారంభించాడు అని ఆ తేదీలన్నీ మీరు పరీక్షలో అడుగుతారు. ఆ బురద తవ్వుతూ పోయిన కూలీ ఏ గొయ్యిలో ఉన్నాడని ఎప్పుడైనా అడిగారా?

చెల్లి: అడగలేదు. అడిగినా జవాబు దొరకదు. దొరలకైతే రెండు సమాధులు పెదనాన్నా. ఒకటి ఇక్కడ, ఒకటి కాగితం మీద. 1905లో జూలియన్ కాటన్ అనే ఐసీఎస్ అధికారి మద్రాసు ప్రెసిడెన్సీలో యూరోపియన్ల సమాధి రాతలు ఎత్తి రాసి పుస్తకం వేశాడు. కంపెనీ కాలం నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల భూస్థాపన రిజిస్టర్ల నకళ్లు లండన్‌కి పోయేవి. అవి ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇక్కడ ఉప్పుగాలికి రాయి చెరిగిపోయినా అక్కడ పేరు దొరుకుతుంది. కూలీకి అటు రాయీ లేదు, ఇటు కాగితమూ లేదు. ఆయన్ని వేరేవాళ్లతో కలిపి పూడ్చారా విడిగా పూడ్చారా అన్నది దాని ముందు చిన్న సంగతి. ఒక్కడినే విడిగా పూడ్చి పేరు రాయకపోతే ఆయనకి ఏం ఒరిగింది?

నాన్న: అది నీ తెలివి. కలిపి పూడ్చినప్పుడే పేర్లు పోతాయి. ఒక్కొక్కణ్ణే పూడిస్తే కనీసం లెక్కయినా తెలుస్తుంది.

చెల్లి: ఆ అభిప్రాయం సినిమాల వల్ల వచ్చింది. కలిపి పూడ్చారంటే కుప్పపోశారని అనుకుంటాం. మొజార్ట్ అని సంగీతం కట్టినాయన వియన్నాలో 1791 డిసెంబర్‌లో పోయాడు. బీదవాళ్ల గుంటలో పదిమంది మధ్య పడేసి సున్నం చల్లారని 1984లో వచ్చిన సినిమాలో చూపించారు. లోకమంతా అదే నమ్మింది. ఆ ఊళ్లో ఆయన స్థాయి మధ్యతరగతి మనిషికి అందరికీ చేసినట్టే చేశారు. జోసెఫ్ చక్రవర్తి సంస్కరణల తర్వాత అక్కడ ఊరి బయట, ఆర్భాటం లేకుండా పూడ్చడం రివాజు. కొన్నేళ్లు గడిచాక ఆ జాగా తవ్వి ఇంకొకరికి ఇచ్చేవారు. ఇప్పుడు మన కమిటీ అడుగుతున్నది అదే. ఆయన చోటు ఎక్కడో తెలియకుండా పోవడానికి కారణం రాయి పెట్టకపోవడం.

నాన్న: నేనన్నదీ అదే. గొప్పోడి సమాధే దొరక్కుండా పోయింది!

చెల్లి: దొరకలేదు, నిజమే. ఇంకొకటి వినండి. లండన్‌లో ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్ అనేచోట 1348లో వచ్చిన ప్లేగు చావులకోసం పెద్ద కందకాలు తవ్వారు. 1980లలో అక్కడ తవ్వకాలు జరిగాయి. పురుగుల్లా పారేసి ఉంటారనుకుంటే, వరసల్లో, తలలు పడమటికి, కాళ్లు తూర్పుకి పెట్టి ఉన్నారు. కొందరికి చెక్కపెట్టెలు కూడా ఉన్నాయి. ఊళ్లో సగం మంది పోతున్నా, మిగిలినవాళ్లు దిక్కు చూసి పడుకోబెట్టారు.

నాన్న: అక్కడ ఓపికుంది. మరి దివిసీమలో?

(1977 నవంబర్ 19 ఉప్పెన. మా నాన్న తరం వాళ్లు ఆ మాట అన్నాక కాసేపు ఆగుతారు. దాదాపు 10 వేల ప్రాణాలు పోయాయి. పీనుగులు ముళ్లకంపల్లో, చెట్లమీద దొరికాయని, ఎవరెవరో గుర్తుపట్టే వీల్లేక కొన్నిచోట్ల కలిపి తగలబెట్టారని, కొన్నిచోట్ల గుంట తీసి పూడ్చారని అప్పుడు సాయానికి వెళ్లినవాళ్లు చెబుతారు.)

చెల్లి: అక్కడ మనుషులే మిగల్లేదు పెదనాన్నా, ఎవరు గుర్తుపడతారు? వెళ్లిన వాలంటీర్లని ఏమీ అనను. ఏ నమ్మకం వాళ్లని తొందరపెట్టిందో అది చెబుతాను. శవాలుంటే కలరా వస్తుంది, వెంటనే పూడ్చెయ్యాలి అని. వరదలోనో భూకంపంలోనో పోయినవాళ్లు అంతకుముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. వాళ్ల శరీరాల్లో లేని రోగం బయటికెలా వస్తుంది? 2004 సునామీ తర్వాత, 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్ క్రాస్ కలిసి ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో చేతిపుస్తకం వేశాయి. తొందరపడి కలిపి పూడ్చొద్దు, కలిపి కాల్చొద్దు అన్నారు. కందకం తవ్వాల్సివస్తే ఒకే వరసలో, ఒకరి మీద ఒకరు లేకుండా, మధ్యలో ఖాళీ వదిలి పడుకోబెట్టమన్నారు. ఒక్కొక్కరికీ నంబరు కట్టి, మొహం ఫొటో తీసి, ఏ నంబరు ఎక్కడుందో పటం గీసి ఉంచితే రేపెవరైనా వెతుక్కుంటూ వచ్చినప్పుడు చూపించొచ్చు. కలరాతోనో ఎబోలాతోనో పోయినవాళ్ల విషయం వేరు. దానికి వేరే జాగ్రత్తలున్నాయి.

నాన్న: కోవిడ్‌లో మాత్రం ఎవడు విన్నాడు? నెల్లూరు డాక్టరొకాయన చెన్నైలో పోతే శ్మశానంలో అడుగు పెట్టనివ్వలేదు.

చెల్లి: చదువుకున్న ఊళ్లోనే. దానికి చరిత్ర దగ్గర జవాబు లేదు. ఇంకో పొరపాటు కూడా ఉంది, మన చుట్టుపక్కల వాళ్లకి. పూడ్చడం క్రైస్తవులదీ ముస్లిములదీ, కాల్చడం హిందువులది అంటారు. జంగాలు లింగం చేతిలో పెట్టి కూర్చున్న భంగిమలో సమాధి చేస్తారు. సన్యాసుల్ని సమాధి చేస్తారు, పసిపిల్లల్ని పూడుస్తారు. మాల మాదిగ పల్లెల్లో ఎక్కువగా పూడ్చడమే. ఋగ్వేదం పదో మండలంలోనే భూమిని తల్లిలా కప్పమని అడిగే అంత్యక్రియల సూక్తం ఉంది. ముస్లిముల్లో ఒక గోరీలో ఒక్కరే అన్నది నియమం. అయినా 625లో ఉహుద్ యుద్ధమప్పుడు ప్రవక్తే ఇద్దరు ముగ్గుర్ని కలిపి పెట్టించారు, ఖురాన్ ఎక్కువ వచ్చినవాళ్లని ముందు దించమన్నారు. సవరలది ఇంకో దారి. దహనం చేసి, తర్వాత పోయిన మనిషి పేరున ఊరి చివర రాయి నాటుతారు. ఒక వంశం వాళ్ల రాళ్లన్నీ ఒకే చోట గుంపుగా నిలబడతాయి.

నాన్న: రాళ్లంటే గుర్తొచ్చింది. రాక్షసగుళ్లు సమాధులేనంటారు కదా?

చెల్లి: సమాధులే. ఖమ్మం వైపు జానంపేటలో వందల్లో ఉన్నాయి. అంత బండలు మనుషులు ఎత్తలేరని రాక్షసులకీ పాండవులకీ అంటగట్టారు. లోపల ఉన్నవాళ్లు మనంత మనుషులే. ఒకే రాతిపెట్టెలో ఇద్దరు, ముగ్గురు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ మంది ఎముకలు దొరుకుతాయి. ముందు ఎక్కడో ఉంచి, మాంసం పోయాక ఎముకలు తెచ్చి పెట్టేవారు. ఆ సంగతి తెలియక 1850 ప్రాంతంలో మెడోస్ టేలర్ దొర షోరాపూర్ సంస్థానంలో తవ్వించి, మొండెం నుంచి విడిగా ఉన్న తలలు చూసి నరబలి అనుకున్నాడు. ఇప్పుడేమో లోపల బంగారం ఉంటుందని గుప్తనిధుల వాళ్లు పగలగొడుతున్నారు. ఉండేదల్లా కుండలు, కత్తి, బల్లెం, గొడ్డలి. మీ సరుకే, ఇనుము.

నాన్న: అప్పటికే ఇనుము కరిగించారా!

(ఇక్కడ వాదన కాసేపు కొలిమి ఊదడం మీదకి, బొగ్గు మీదకి పోయింది. ఆ భాగం వదిలేస్తున్నాను. నాన్న చాలా సంతోషంగా కనిపించారని మాత్రం చెబుతాను.)

చెల్లి: ఒక గొయ్యిలో ఇద్దరంటే మీరు కష్టపడుతున్నారు. బుద్ధుడొక్కడికి ఎనిమిది వాటాలేసి ఎనిమిది స్తూపాలు కట్టారు. అవి చాలక తర్వాత ఇంకా పంచారు. మన భీమిలి రోడ్డులో బావికొండ మీద కూడా ధాతువున్న పాత్ర దొరికింది. ఆయనకేమైనా తక్కువైందా?

నాన్న: సరే తల్లీ. పేరుంటే చాలు, గొయ్యి ఎవరిదైనా ఒకటే అంటావు. అలాగే అనుకుందాం. మరి మన సముద్రంలో ఉన్నవాళ్ల మాటేంటి? 1971 డిసెంబర్‌లో నేను హైస్కూల్లో ఉన్నాను. మూడో తేదీ అర్ధరాత్రి దాటాక పేలుడు. ఒడ్డున ఇళ్లలో కిటికీలు అదిరాయి. తెల్లారి చేపలవాళ్లకి తెట్టలా నూనె, ఏవేవో ముక్కలు దొరికాయన్నారు. తర్వాత తెలిసింది, పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ మునిగిందని. 93 మంది ఒకే ఇనప పెట్టెలో. వాళ్లు మనమీదకి వచ్చినవాళ్లే, కాదనను. అయినా అది సమాధేనా?

చెల్లి: సమాధే. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్లు, లోపలే పేలిందని వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. చనిపోయినవాళ్ల సంగతిలో మాత్రం తేడా లేదు. 2024 ఫిబ్రవరిలో మన నేవీ వాళ్ల డీఎస్ఆర్‌వీ, అంటే లోతు నీళ్లలో దిగే రెస్క్యూ వాహనం, దాని జాడ పట్టిందని పేపర్లలో వచ్చింది. వీరుల మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదని కూడా రాశారు. దానికి దగ్గర్లోనే 1944 ఫిబ్రవరి 11న మునిగిన జపాను సబ్‌మెరైన్ ఆర్ఓ-110 కూడా ఉంది. మన జమున, రెండు ఆస్ట్రేలియా ఓడలు కలిసి ముంచాయి. మీరు బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసి వేరుశనక్కాయలు తింటూ నడుస్తారే, ఎదురుగా ఆ నీళ్లలోనే రెండు దేశాల వాళ్లు రెండు పెట్టెల్లో ఉన్నారు. ఎవరి పేర్లు వాళ్ల దేశం దగ్గర ఉన్నాయి.

నాన్న: పేర్లున్నా ఇంటివాళ్లకి కొవ్వొత్తి పెట్టుకోడానికి చోటేది? నవంబర్ 2 వస్తుంది. సమాధుల పండక్కి మనం ముందురోజే వెళ్లి గడ్డి పీకి, వెల్ల వేసి, బంతిపూలు గుచ్చుతాం. నేనొచ్చి మీ తాత దగ్గర కూర్చుంటాను. ఆయన పక్కన ఇంకెవరి పేరో ఉందనుకో, ఆయనతో మాట్లాడుతున్నానా, వాళ్లతో మాట్లాడుతున్నానా? నువ్వు నవ్వు. నాకది ఉంది.

చెల్లి: నవ్వట్లేదు. దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఒకటి. విడిగా ఉన్నంత మాత్రాన ఎవరూ ముట్టుకోరన్న హామీ లేదు. 1942లో జావా సముద్రంలో డచ్చివాళ్ల యుద్ధనౌకలు మునిగాయి. దాదాపు 900 మంది వాటితోపాటు పోయారు. 2016లో డైవర్లు దిగి చూస్తే డి రైటర్, జావా అనే రెండు ఓడలు అసలు లేవు. అడుగున పడిన గుంట ఆకారం మాత్రం ఉంది. స్క్రాపుకోసం ఎత్తుకుపోయారు.

నాన్న: ఓడలకి ఓడలే?

చెల్లి: ఓడలకి ఓడలే.

నాన్న: ముందు ఇత్తడి ప్రొపెల్లర్లు పోతాయి. తర్వాత ప్లేట్లు. (కాసేపాగి) స్క్రాపు సంగతి నాకు తెలుసమ్మా. స్టీల్ మెల్ట్ షాపులో కన్వర్టర్‌లోకి వేసేస్తాం, దాని మీద కరిగిన ఇనుము పోస్తాం. ఆ తర్వాత అది ఏ వంతెనదో, ఏ ఓడదో, ఏ అయ్యా చెప్పలేడు. భీమిలిలో దుకాణం పెట్టుకున్న డచ్చి వర్తకుడి సమాధి నిలబడింది, యుద్ధంలో పోయిన డచ్చి నావికుడిది ఏ ఇంటి స్లాబులో ఊచగా ఉందో.

(నా ఉద్దేశంలో ఈ వాదనలో గెలిచిన మాటంటూ ఉంటే ఇదే. ఎవరి పక్షాన గెలిచిందో మాత్రం నేను తేల్చుకోలేకపోయాను.)

చెల్లి: అందుకే నాకు తీర్మానం కన్నా రిజిస్టరు ముఖ్యం. కమిటీ వాళ్ల పుస్తకం చూశాను. పోయిన తేదీ, భూస్థాపన తేదీ, పేరు, వయసు రాస్తున్నారు. ఏ వరస, ఎన్నో సమాధి, ఎంత లోతు, కింద ఎవరున్నారు అన్న గడులు లేవు. అవి లేకుండా తెరవడం మొదలుపెడితే పదేళ్లలో ఎవరెక్కడున్నారో ఫాదర్‌గారికే తెలీదు. అప్పుడు మీరన్నదే నిజమవుతుంది.

నాన్న: ఇప్పుడొచ్చావు దారికి. కింద మనిషి పేరు తీసేసి పై మనిషి పేరు చెక్కించినవాళ్లున్నారు మన తోటలో. పాత పలక గోడకి ఆనించి పెట్టారు. దాని మీద ఇప్పుడు కాపరి భోజనం క్యారేజీ పెట్టుకుంటున్నాడు.

చెల్లి: అదీ రాద్దాం. పాత పేరు తీయకూడదు. ఇంట్లో బతికున్న వారసులందరి సంతకం లేకుండా తెరవకూడదు. కిందవైపు వరసలు అసలు తెరవకూడదు. ఇవి ఒప్పుకుంటేనే తీర్మానం, లేకపోతే నేనూ మీతోనే అడ్డం పడతాను.

నాన్న: సున్నం?

చెల్లి: సున్నం వద్దని కూడా.

నాన్న: అది నేను మాట్లాడతాను. కమిటీలో ఆయనకి నేనే చెప్పాలి.

చెల్లి: అయితే మీరు ఒప్పుకున్నట్టేనా?

నాన్న: నేనెక్కడ ఒప్పుకున్నాను? స్టీల్ ప్లాంటుకోసం ఊరు ఖాళీ చేసి వచ్చినప్పుడు మా ముత్తాతల గోరీలు అక్కడే వదిలేసి వచ్చాం. అవి ఏ షెడ్డు కింద ఉన్నాయో ఇప్పుడెవరికీ తెలియదు. అప్పట్నుంచీ నాకు సొంత జాగా మీద పట్టుదల. అది నీ తేదీలతో పోదు. అయినా జాగా లేదన్నదీ నిజమే. గోడ అవతల అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి, ఇంకెక్కడికి జరుగుతాం? మీ పెద్దమ్మతో అయితే సరే. ఆవిడ ముందు పోతే ఆవిడ కింద, నేను ముందు పోతే నేను కింద. లోతుగా తవ్వించండి, మధ్యలో పలక వెయ్యండి.

చెల్లి: తాతగారి సమాధి?

నాన్న: మా నాన్నని కదపొద్దు. ఇంకొకటి. కుటుంబ సమాధి అంటే అన్నదమ్ములు కూడా వస్తారు కదా కమిటీ లెక్కలో?

చెల్లి: వస్తారు. ముసాయిదాలో రక్తసంబంధీకులని ఉంది.

నాన్న: మీ నాన్నతో మాత్రం నేను పడుకోను. వాడికీ నాకూ పెరటిగోడ గొడవ ఇంకా తెగలేదు. ఆ ముక్క దరఖాస్తులో స్పష్టంగా రాయి.

చెల్లి: నాన్న కూడా ఇదే రాయమన్నారు. ఆయన దరఖాస్తు నిన్ననే నింపాను.

నాన్న: ఏమని రాయమన్నాడు?

చెల్లి: మీకన్నా ఒక మాట ఎక్కువే రాయమన్నారు పెదనాన్నా. అది నేను రాయలేదు.